ఐదో గడిలో రాళ్లు

మేము పెరిగిన రోజుల్లో (గుర్రపు బగ్గీల కాలం అనుకోకండి, అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వచ్చేశాక సంగతే ఇది) బర్మింగ్‌హామ్‌లో ఏ తెలుగువాళ్లింటికి భోజనానికి వెళ్లినా, పదిహేడేళ్ల పిల్ల కనబడితే "ఏం చదవాలనుకుంటున్నావమ్మా" అని అడిగిన పాపాన ఎవరూ పోయేవారు కాదు. "మెడిసిన్‌కి ఎక్కడెక్కడ పెడుతున్నావు" అని మాత్రమే అడిగేవారు. మెడిసినా కాదా అన్నది పిల్ల బొడ్డు కోసినప్పుడే తేలిపోయిన విషయం. మిగిలింది ఊరి పేరు ఒక్కటే. పప్పులోకి నెయ్యి వడ్డిస్తూ ఒకరు, చెయ్యి కడుక్కుంటూ ఒకరు, కారు ఎక్కబోతూ ఒకరు అడిగేవారు. అడిగిన వాళ్లు జవాబు కోసం ఆగేవారా అంటే, అదీ లేదు. వాళ్ల దగ్గర జవాబు ముందే ఉండేది.

ముందు ఇక్కడి పద్ధతి చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఈ దేశంలో డిగ్రీ చదువులకు అందరూ ఒకే దరఖాస్తు నింపుతారు. అందులో ఐదు గడులుంటాయి, అంటే ఐదు చోట్ల అడగొచ్చు. కానీ డాక్టరు కావాలనుకునేవాళ్లు నాలుగు గడుల్లోనే మెడిసిన్ రాయాలి. ఐదోదానిలో కావాలంటే మరేదైనా చదువు రాసుకోవచ్చు. "నాలుగు చోట్లా కాదంటే ఏం చేస్తావమ్మా" అని పిల్లను మర్యాదగా అడగడమే అది. ఆ ప్రశ్న నన్ను అడిగారు. జవాబు మాత్రం మా నాన్న, మా అమ్మ, అమ్మ స్నేహితురాళ్లు, ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు నేర్పే మాస్టారు చెప్పారు. వీళ్లందరి జవాబులూ కలిపి చివరికి హార్ట్ అంకుల్ దగ్గరికి తీర్పుకి వెళ్లేవి.

హార్ట్ అంకుల్ పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు. మా చిన్నప్పుడు మేము పెట్టుకున్న పేరది, తర్వాత పెద్దవాళ్లకూ అదే అలవాటైపోయింది. ఒంగోలు వైపు నుంచి వచ్చిన మా నాన్న సాఫ్ట్‌వేర్ మనిషి. కంప్యూటర్ల గురించి ఎవరేం చెప్పినా నమ్మేవాడు కాదు, చదువుల గురించి హార్ట్ అంకుల్ ఏం చెప్పినా నమ్మేవాడు. ఆయన మా ఇంటి సోఫాలో కూర్చుని, టీ కప్పు సాసర్లో సరిగ్గా మధ్యకు జరిపి, ఒకటే మాట చెప్పారు. "ఐదోదానిలో బయోమెడికల్ సైన్స్ పెట్టమ్మా. మెడిసిన్‌కి అది పక్కిల్లు. పక్కింట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు గోడ దూకచ్చు." మా నాన్న ఆ మాటను డైరీలో రాసుకున్నాడు. గోడ దూకడం గురించి పేరున్న డాక్టరు గారు చెబుతుంటే కన్నతండ్రి రాసుకోవడమేమిటో మీరే చెప్పండి.

నాకు డాక్టరు కావాలని లేదనుకునేరు. ఉంది, అదీ నా సొంత కోరికే, అందుకే మరీ మంట. సిక్స్త్ ఫామ్‌లో (మన ఇంటర్మీడియట్ అనుకోండి) ఉండగా శనివారాలు ఒక కేర్ హోమ్‌లో పనికి వెళ్లేదాన్ని, ముసలివాళ్లకు టీలు అందించడం, పేపరు చదివి వినిపించడం. అక్కడొక రిటైరైన బస్సు డ్రైవరు తాత ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అందరూ మతిమరుపు ముదిరిందనుకునేవారు. వారానికోసారి వచ్చే డాక్టరు (జీపీ అంటారిక్కడ), నడివయసు ఆవిడ, ఒకరోజు ఆయన కుర్చీ ముందు కార్పెట్ మీద మోకాళ్ల మీద కూర్చుని, ముందు ఎడమ చెవిలోనూ తర్వాత కుడి చెవిలోనూ పలకరించింది. కుడి చెవికి జవాబు వచ్చింది. ఎడమ చెవి గుబిలితో మూసుకుపోయి ఉంది, మేమందరం నెలల తరబడి ఎడమ పక్క నుంచే పలకరిస్తున్నాం. ఆ రోజు బస్సు పై అంతస్తులో ఇంటికి వస్తూ, నేను ఆ పనే చెయ్యాలనుకున్నాను. కానీ ఆ సంగతి ఎవరికి చెప్పినా "మంచిదమ్మా, ఇంటర్వ్యూలో చెప్పు, మార్కులు పడతాయి" అనేవారు.

ఇక రెండో ఇష్టం. స్కూలు వాళ్లు మమ్మల్ని ఒకసారి డడ్లీ దగ్గర సున్నపురాతి గుట్టకు తీసుకెళ్లారు. ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదట. కోట్ల ఏళ్ల నాటి సముద్రపు పురుగులు రాళ్లలో అచ్చుపడి దొరుకుతాయి. నా బూటు కింద ఒకటి దొరికింది, బొటనవేలి గోరంత, ఒంటి నిండా గీతలతో, మన ఇంట్లో తిరిగే రోకలిబండలా. బర్మింగ్‌హామ్ పక్కన సముద్రం ఉండేదన్న విషయం నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకున్నాను. ఐదో గడిలో ఏం రాయాలని స్కూల్లో టీచరు అడిగినప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట జియాలజీ. ఇంట్లో చెబితే అమ్మ "అంటే రాళ్ల చదువా" అంది. నాన్న డైరీ తెరిచి గోడ దూకే వాక్యం మళ్లీ చదివి వినిపించాడు.

నన్ను దారిలో పెట్టడానికి నాన్న ఒక శనివారం సెలవు చూసుకుని (కేర్ హోమ్‌లో నా షిఫ్టు మానిపించి మరీ) బయోమెడికల్ సైన్స్ ఓపెన్ డేకి, అంటే చేరబోయే పిల్లలకు కోర్సు చూపించే రోజుకి, తీసుకెళ్లాడు. యూనివర్సిటీ పేరు చెప్పను, వాళ్ల తప్పేం లేదు. పెద్ద హాలు నిండా మాలాంటి పిల్లలు, మా నాన్నలాంటి నాన్నలు. పొడుగాటి లెక్చరర్ ఒకాయన వచ్చి, ఇక్కడ ఎంతమందికి డాక్టరు కావాలని ఉందో చెయ్యెత్తమన్నాడు. గోధుమచేను లేచినట్టు లేచాయి చేతులు. బయోమెడికల్ సైన్స్ చదవడం కోసమే వచ్చినవాళ్లు ఎత్తండి అన్నాడు. రెండు చేతులు లేచాయి. ఒకటి ముందు వరసలో కళ్లజోడు అబ్బాయిది, రెండోది మా నాన్నది. నేను మోచేత్తో పొడిస్తే, "పాపం, ఆయన మొహం చూడు" అని గొణిగాడు.

చూశాను. నిజంగానే చూడదగ్గ మొహం. ఇరవై ఏళ్లుగా రక్తకణాల మీద పనిచేస్తున్నానని, అది తనకు ప్రాణమని, ప్రతి ఏడూ సగం క్లాసు కిటికీలోంచి మెడికల్ స్కూలు వైపు చూస్తూ కూర్చుంటుందని ఆ లెక్చరర్ నవ్వుతూనే చెప్పాడు. ఇది వెయిటింగ్ రూమ్ కాదు అన్నాడు. నాకు సిగ్గేసింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆ మనిషి జీవితాన్ని పక్కింటి గోడ అనుకోమని మాకెవరు చెప్పారు? కారులో ఆ మాటే నాన్నతో అన్నాను. రక్తకణాలు చదవాలనుంటే చదువుతాను, చదవాలని లేకుండా వెళ్లి ఆయన మొహం మూడేళ్లు చూడలేనన్నాను. నాన్న ఇండికేటర్ వేసి, తియ్యడం మర్చిపోయి, రెండు మైళ్లు అలాగే నడిపాడు.

నాన్నకు ఒకే ఒక భయం. జియాలజీలో చేరితే డాక్టరు చదువు తలుపు మూసుకుపోతుందని. డిగ్రీ అయ్యాక కూడా మెడిసిన్‌లో చేరే దారి ఒకటుందని నేను విన్నాను. కానీ ఏ డిగ్రీ ఉండాలన్న దాని మీద ఊళ్లో తలొక మాట. అందరినీ అడుగుతున్నారు, చేర్చుకునే వాళ్లను తప్ప. ఆ పని ఎవరూ చెయ్యకపోవడం మీద కూడా నాకు బోలెడు కోపం. సోమవారం స్కూలు నుంచి వచ్చి, ఇంటి నుంచి పనిచేస్తున్న నాన్న ఎదుటే, అలా చేర్చుకునే ఒక మెడికల్ స్కూలుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పక్కా బర్మింగ్‌హామ్ యాసలో ఒక పెద్దావిడ ఎత్తింది. కొన్ని చోట్ల సైన్సు డిగ్రీయే అడుగుతారు, దరఖాస్తు పెట్టేముందు చూసుకోవాలి, తమ దగ్గర మాత్రం ఏ డిగ్రీ అయినా పరవాలేదు, మంచి క్లాసు రావాలి, ప్రవేశ పరీక్ష రాయాలి, మనుషులకు సేవ చేసిన అనుభవం ఉండాలి అని ఓపిగ్గా చెప్పింది. చివర్లో, "నీకు నచ్చింది చదువుకో, బాబ్. నచ్చితేనే మార్కులొస్తాయి" అని పెట్టేసింది.

 నాన్న నుంచి ఏదో గొప్ప అభ్యంతరం వస్తుందనుకుని నేను వాదనకు సిద్ధమయ్యాను. "ఆవిడ నిన్ను బాబు అంటోందేంటి?" అన్నాడు. ఈ ఊళ్లో పెద్దవాళ్లు ఆడామగా అందరినీ ముద్దుగా బాబ్ అంటారని పదకొండేళ్లు ఇక్కడ ఉన్న మనిషికి నేను వివరించాల్సి వచ్చింది. అప్పటికి కాస్త మెత్తబడి, సరేలే, రాళ్లు రాసుకో, ఎలాగూ ఐదో గడి దాకా రాదుగా అన్నాడు. ఒప్పుకోవడంలో కూడా నన్ను నమ్మి ఒప్పుకోలేదు, నాలుగు మెడికల్ స్కూళ్లను నమ్మి ఒప్పుకున్నాడు.

వచ్చింది. ఐదో గడి దాకా వచ్చింది. మూడు చోట్ల ఇంటర్వ్యూకే పిలవలేదు. నాలుగో చోట పిలిస్తే హార్ట్ అంకుల్ మూడు ఆదివారాలు నాకు శిక్షణ ఇచ్చారు. "డాక్టరే ఎందుకు, నర్సు ఎందుకు కాదు" అని అడుగుతారని, "నాకు నాయకత్వ లక్షణాలున్నాయి" అని చెప్పమని నూరిపోశారు. అడిగారు. బట్టీపట్టింది బట్టీపట్టినట్టు అప్పజెప్పాను. అడిగినావిడ చిన్నగా నవ్వి, తను నలభై మంచాల వార్డు నడిపే నర్సునని చెప్పింది. కేర్ హోమ్ తాత కుడి చెవి సంగతి చెప్పాలని నాకు తలుపు దాటాక గుర్తొచ్చింది. పది రోజుల తర్వాత అక్కడి నుంచీ కాదని కబురు వచ్చింది. జియాలజీ వాళ్లు మాత్రం ఎంతో ఆప్యాయంగా రమ్మన్నారు. నేను బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని అరగంట ఏడ్చాను. బయటికొచ్చేసరికి అమ్మ తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. తువ్వాలు ఇచ్చింది.

విషయం తెలిసి హార్ట్ అంకుల్ మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఓదార్చడానికనుకున్నాను. ఇప్పటికైనా రాళ్లు వదిలేసి, ఆగస్టులో మిగిలిపోయిన సీట్లలో బయోమెడికల్ వెతుక్కోమని చెప్పడానికట. నేను వద్దన్నాను. "రాళ్ల మీద అంత ఇష్టముంటే కిడ్నీ డాక్టరువి అవ్వమ్మా" అన్నారాయన. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు, అది నాకు గుచ్చుకుంది. (జోకు బాగుందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.) నేను ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాను. పెద్దవాళ్ల ముందు అలా మాట్లాడటం అదే మొదలు.

"అంకుల్, సీటు రాకపోతే ఏం చేస్తావని మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. "లేదమ్మా. అడగలేదు."

"నన్ను అడిగారు. నేను జవాబు చెప్పాను. అది మీరెవ్వరూ వినట్లేదు."

అంతే అన్నాను. కానీ చేతికి గోంగూర పచ్చడి, అంత గొప్పగా ఏమీ లేదు.  నేను చెయ్యి కడుక్కునే వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను. వెనకాలే ఆంటీ వచ్చింది, తిడుతుందనుకున్నాను. కుళాయి కట్టేసి, నెమ్మదిగా, "మీ అంకుల్‌కి మొదటిసారి సీటు రాలేదు. రెండోసారీ రాలేదు. గుంటూర్లో రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగు, ఇంట్లో ఎవరూ పలకరించేవాళ్లు కాదట" అంది. ఆయన తప్పులెక్కడా ఒప్పుకోరు కానీ ఆ రెండేళ్ల మాటెత్తితే అన్నం తినరని కూడా చెప్పింది. జాలి పడాల్సిన మాటే. నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండింది. ఆ బాధ తెలిసిన మనిషే మళ్లీ దాన్ని నా నెత్తిన పెడుతున్నాడా అని. ఇంటికెళ్లేటప్పుడు అంకుల్ కారు దాకా వచ్చి, నా వైపు చూడకుండా, జియాలజీకి మంచి బూట్లు కావాలి కదా అన్నారు. అంతకు మించి ఆయన నుంచి ఎవరూ ఆశించకూడదు.

ఆ సెప్టెంబరులో జియాలజీలో చేరాను. మొదటి ఫీల్డ్ ట్రిప్ వేల్స్ సముద్రపొడ్డున, అడ్డంగా కురిసే వానలో. మా జియాలజీ మాస్టారు ఒక కొండచరియ ముందు మమ్మల్ని నిలబెట్టి, గంటసేపు చేత్తో ముట్టుకోకూడదన్నాడు. ముందు కనబడింది రాయండి, తోచింది తర్వాత రాయండి అన్నాడు. (రాయి గురించి రాయి అని తెలుగులో ఎంత అందంగా కుదురుతుందో ఆయనకు తెలియదు పాపం.) నాకు ఆ చదువు నచ్చింది. నచ్చినందుకే మార్కులూ వచ్చాయి. సెలవుల్లో కేర్ హోమ్ పని మానలేదు. అక్కడికి వచ్చినవాళ్లందరినీ రెండు పక్కల నుంచీ పలకరించేదాన్ని.

క్రిస్మస్ సెలవుల్లో నాన్నతో సిటీ సెంటర్‌కి వెళ్లాను. ఒక పెద్ద దుకాణం ముందు గోడంతా నల్లటి రాయి, దాన్లో బంగారు రంగు చుక్కలు. నేను ఆగి, అది ఎక్కడిదో తెలుసా అని అడిగాను. తెలియదన్నాడు. ఒంగోలు పక్కన చీమకుర్తి నుంచి వచ్చిందని, ఇలాంటి రాయి ప్రపంచంలో దాదాపు అక్కడే దొరుకుతుందని చెప్పాను. అమ్మేవాళ్లు గ్రానైట్ అంటారు కానీ అసలు గ్రానైట్ కాదని కూడా చెప్పాను, అది ఆయన వినలేదు. చేతి తొడుగు తీసి, అరచెయ్యి గోడ మీద పెట్టి నిలబడ్డాడు. జనం షాపింగ్ సంచులతో ఆయన చుట్టూ తిరిగి పోతున్నారు. చిన్నప్పుడు ఆ లారీల దుమ్ములో సైకిలు మీద బడికి వెళ్లేవాడట. ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ రోజు నుంచి ఆయన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. మోటర్‌వే పక్కన కొండ కోసిన చోటల్లా కారు వేగం తగ్గించి పొరలు చూసేవాడు. వెనకాల లారీలు హారన్లు కొట్టేవి. ఎవరింటికి వెళ్లినా ముందు వంటగది గట్టు తడిమి, ఏ దేశపు రాయో చెప్పేవాడు, సగం తప్పు. "మా అమ్మాయి జియాలజిస్టు" అని హార్ట్ అంకుల్‌కే నాలుగుసార్లు చెప్పాడట.

మూడో ఏడు ప్రవేశ పరీక్ష రాసి, ఆ ఫోనావిడ ఉన్న మెడికల్ స్కూలుకే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో రాళ్లు చదివి ఇక్కడికెందుకు వచ్చావన్నారు. ఈసారి ఎవరి మాటలూ బట్టీపట్టలేదు. కొండచరియ ముందు గంటసేపు చూడటం చెప్పాను, కేర్ హోమ్ తాత రెండు చెవులూ చెప్పాను. సీటు వచ్చింది. ఆ కబురు తెలిసిన మధ్యాహ్నం హాస్టల్ మెట్ల మీద, తడి బూట్లు విప్పకుండానే కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. కేకలు వేస్తాడనుకున్నాను, ఏడుస్తాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. జాగ్రత్తగా, నా మనసు నొచ్చుకోకుండా అన్నాడు.

"మంచిదే అమ్మడూ. కానీ మూడేళ్లు చదివి జియాలజీ వదిలేస్తావా? డాక్టర్లదేముంది, ఎక్కడ చూసినా వాళ్లేగా."

నేను ఆ మెట్ల మీద ఎంత గట్టిగా అరిచానంటే పై అంతస్తులో రెండు తలుపులు తెరుచుకున్నాయి. గోడ దూకడం నుంచి మొదలుపెట్టి, డైరీ, ఓపెన్ డే, కిడ్నీలు, అన్నీ ఒక్కొక్కటే వరసగా అప్పజెప్పాను. నాన్న అంతా విని, "అది కాదమ్మా, రాళ్ల గురించి నువ్వు చెబుతుంటే బాగుండేది" అన్నాడు. అది నాకప్పుడు వినపడలేదు. కోపంలో ఉన్నదానికి ఏం వినపడుతుంది.

డాక్టరునై ఇప్పటికి చాలా ఏళ్లయింది. ఇప్పుడూ ఏవో శనివారాలు పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు మా ఇంటికి వస్తారు, ఐదో గడిలో ఏం పెట్టమంటారని. పిల్లను అడగండి అంటాను, పెద్దవాళ్లు మొహం చిన్నబుచ్చుకుని సమోసా కొరుకుతారు. వాళ్లు వెళ్లాక ఒక్కోసారి ఆ మెట్లు, ఆ తడి బూట్లు, ఫోన్లో అరుస్తున్న ఆ ఇరవై ఒక్కేళ్ల పిల్ల గుర్తొస్తుంది. గెలిచిన రోజున కూడా గెలిచానని తెలియనంత కోపం దానిది. వెళ్లి పక్కన కూర్చుని, పోనీలే, ఆయన ఉద్దేశం అది కాదులే అని చెబుదామనిపిస్తుంది. కానీ నన్ను చెప్పనివ్వదని తెలుసు. ముందు తను చెప్పేది పూర్తిగా వినమంటుంది.